నా నోట నాన్న మాట

మాట ఇచ్చింది మా నాన్న. పలికింది నేను.

మార్చి నెల, మంగళవారం, రాత్రి భోజనాల వేళ. బల్ల చుట్టూ నలుగురం. నాన్న, అమ్మ, నేను, జర్మనీ నుంచి వచ్చి వారం రోజుల కోసం మా ఇంట్లో దిగిన జిల్కె. ఆ నలుగురిలో రెండు వైపుల మాటా అందేది నా ఒక్కదానికే. జిల్కెకి బడిలో నేర్చుకున్న ఫ్రెంచి వచ్చు. మా నాన్న మాట్లాడేది బడి ఫ్రెంచి కాదు. ఉత్తర ఫ్రాన్సులో మా వైపు పికార్డీ యాస, అదీ నోట్లో సిగరెట్టుతో. అందుకని ఆ వారమంతా ఇంటికి నోరు నేనే. ఉప్పు అందించమన్నా, స్నానానికి వేడినీళ్ళు ఉన్నాయన్నా నా మీదుగా పోవలసిందే. పదిహేనేళ్ళ పిల్లకి అంతకంటే గొప్ప ఉద్యోగం ఏముంటుంది? నేను మహా గర్వంగా చేశాను.

మా ఊరి బడికీ, వుప్పర్టాల్ దగ్గరున్న వాళ్ళ ఊరి బడికీ ఏటా ఈ రాకపోకలు ఉండేవి. మార్చిలో వాళ్ళ పిల్లలు వచ్చి మా ఇళ్ళలో ఉంటారు. మేలో మేం వెళ్ళి వాళ్ళ ఇళ్ళలో ఉంటాం. ఎవరు మన బల్ల దగ్గర తిన్నారో, వాళ్ళ బల్ల దగ్గరే మనమూ తినాలి. నియమం అదొక్కటే. రెండూ తాళాలు చేసే ఊళ్ళే. ఆ చుట్టరికంతోనే పెద్దవాళ్ళు ఈ ఏర్పాటు చేశారు. తర్వాత వాళ్ళ కంపెనీ మా ఫ్యాక్టరీని కొనేసింది. బడి రాకపోకలు మాత్రం మామూలుగానే సాగాయి.

జిల్కె బస్సు దిగిన రోజు అమ్మ ముద్దు పెట్టబోతే చెయ్యి చాపింది. వాళ్ళకి చేతులు కలపడమే అలవాటు. అమ్మ ఆ చెయ్యి పట్టుకునే దగ్గరికి లాగి రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టింది. అయిపోయిందనుకుని జిల్కె వెనక్కి తగ్గబోతే గడ్డం పట్టుకుని మిగతా రెండూ పెట్టింది. మా వైపు నాలుగు. తక్కువైతే కోపం ఉందని అర్థం. మంగళవారానికల్లా జిల్కె కనిపించిన ప్రతివాళ్ళకీ లెక్క తప్పకుండా నాలుగు ముద్దులూ పెట్టేస్తోంది. నాన్నతో పాటు పనిచేసే లూసియాన్ అయితే, ఆ పిల్ల మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజూ గడ్డం గీసుకుని వచ్చాడు.

ఆ మంగళవారం పొద్దున బడి తరఫున జర్మన్ పిల్లలందరికీ ఫ్యాక్టరీ చూపించారు. తిప్పి చూపించింది మా నాన్నే. ఫ్యాక్టరీలో కార్మిక సంఘం నాయకుడు కదా, పైగా అక్కడున్న వాటిలో అతి కష్టమైన యంత్రం ఆయన చేతి కింద ఉండేది. తాళం లోపలి ఇత్తడి గొట్టానికి వెంట్రుకవాసి తేడా రాకుండా రంధ్రాలు పొడిచే యంత్రం. దాన్ని అందరూ అత్తగారు అనేవాళ్ళు. రోజంతా సణుగుతుంది, ఒక్క క్షణం కన్ను పక్కకి తిప్పితే అలుగుతుంది, అదిలేనిదే ఇల్లు గడవదు. పదకొండు మంది పని ఆవిడ ఒక్కతే చేస్తుంది. ఆవిడ పొడిచిన గొట్టాల మీద తక్కిన ఫ్యాక్టరీ అంతా బతుకుతుంది.

భోజనానికి అమ్మ ఫిసెల్‌లు చేసింది. పల్చటి అట్టులో హామ్ ముక్క, పుట్టగొడుగులు చుట్టి, పైన మీగడ పోసి పొయ్యిలో పెట్టినవి. నాన్న మంచి హుషారుగా ఉన్నాడు.

"మా అత్తగారు ఎలా ఉందో అడుగు," అన్నాడు.

నేను అడిగాను. జిల్కె నోటినిండా అట్టుతో నవ్వింది. సంతోషం వచ్చినప్పుడు ఆ పిల్లకి ఫ్రెంచి గుర్తుండేది కాదు. గబగబా జర్మన్‌లో చెప్పేసింది. ఆ వేగానికి తగ్గట్టు నేనూ అందుకున్నాను. నా నోరు బుర్ర కంటే ముందు పరిగెత్తింది.

"ఆవిడ నాకు ముందే తెలుసు అంటోంది. ఆవిడ ఫోటో నెల రోజులుగా వాళ్ళ వంటింటి బల్ల మీదే ఉందట. వాళ్ళ నాన్న అక్కడి ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ కదా, ఆవిడని నిలబెట్టడానికి పునాది గొయ్యి తవ్వించి సిమెంటు కూడా పోయించేశాడట. ఈస్టర్‌కి మన ఫ్యాక్టరీ మూసినప్పుడు తీసుకెళ్తారట."

వాక్యం పూర్తయ్యాక గానీ అదేమిటో నా చెవికి ఎక్కలేదు.

నాన్న కత్తి పళ్ళెంలోనే ఆగింది. గొంతు మాత్రం మారలేదు. సిమెంటులో బోల్టులు దింపారా అని అడగమన్నాడు. దింపారంది జిల్కె. ఎలా ఉన్నాయో చూపించమన్నాడు. తన మాట పెద్దవాళ్ళు ఇంత శ్రద్ధగా వింటున్నారన్న ఉత్సాహంతో ఆ పిల్ల ఫోర్కు కొనతో బల్లగుడ్డ మీద గీసింది. ముందు రెండు, వెనక రెండు, ఇంకొకటి ఓ పక్కగా, వరసలో ఇమడకుండా.

అత్తగారికి వెనక కాలు వంకర. ఆ అయిదో బోల్టు అవసరమయ్యే యంత్రం ఈ భూమ్మీద అదొక్కటే.

నెల క్రితమే మా ఫ్యాక్టరీ డైరెక్టరు సంఘం వాళ్ళని కూర్చోబెట్టి, ఒక్క మేకు కూడా ఈ ఊరు దాటదని చెప్పాడు. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అక్కడ చెయ్యడానికి పనేం లేదు.

అప్పుడు చూసింది జిల్కె మా మొహాలు. ఫోర్కు కింద పెట్టేసింది. ఇది బయట ఎవరికీ చెప్పకూడదని వాళ్ళ నాన్న గట్టిగా చెప్పాడట. అక్కడ కూడా పైవాళ్ళకీ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదట. తెలిసిందంటే నోరు జారింది ఆయనే అనుకుంటారు. "మీరు ఎవరికీ చెప్పరుగా?" అంది. ఈసారి ఫ్రెంచిలోనే, మా నాన్న కళ్ళలోకి చూస్తూ.

నాన్న ప్రమాణం చేస్తున్నట్టు రొట్టె మీద చెయ్యి పెట్టి, తన పేరు తనే పలికాడు.

"ఈ బల్ల దాటి పోదని చెప్పు. రెజిస్ మాట ఇచ్చాడని చెప్పు."

నేను చెప్పాను. జర్మన్‌లో, బడిలో బహుమతి తెచ్చిపెట్టిన ఉచ్చారణతో, స్పష్టంగా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాను. జిల్కె గట్టిగా ఊపిరి వదిలి ఇంకో ఫిసెల్ వడ్డించుకుంది.

* * *

బుధవారం సాయంత్రానికే ఊరంతా తెలుసు, యంత్రం వెళ్ళిపోతోందని.

అమ్మ గిన్నెలు తోముతూ వెనక్కి తిరగకుండా అంది, "బల్ల దాటదన్నావు."

"పేరు చెప్పలేదుగా," అన్నాడు నాన్న. "మూడు వందల మంది బతుకు ఇది, జోసియాన్. పేరు మాత్రం చెప్పను. అదీ నా మాటే."

గురువారం తెల్లారేసరికి సమ్మె. మా ఊళ్ళో సమ్మె అంటే ముందు చేసే పని ఒకటుంది. గేటుకున్న కంపెనీ తాళం ఊడదీసి, అదే ఫ్యాక్టరీలో తామే చేసిన తాళంకప్ప వేస్తారు. దానికి తాళంచెవి ఒక్కటే ఉంటుంది, అది సంఘం నాయకుడి దగ్గరే ఉంటుంది. మా తాతల కాలం నుంచీ అంతే. ఆ తాళాన్ని తియ్యగలిగినవాడు లోకంలో లేడని పోలీసులకి కూడా తెలుసు. ఎందుకంటే తియ్యగలిగినవాళ్ళంతా గేటు దగ్గరే కూర్చుని ఉంటారు.

నాన్న తాళంచెవిని మెళ్ళో దారానికి కట్టుకున్నాడు.

శనివారం కార్యక్రమంలో బడివాళ్ళు "కుటుంబంతో గడపాలి" అని పెట్టారు. సగం కుటుంబాలు గేటు దగ్గరే ఉన్నాయి కాబట్టి సగం మంది జర్మన్ పిల్లలూ అక్కడే తేలారు. వాళ్ళకి అది తిరణాల. టైర్ల మంట, దాని పక్కనే ఇనప జల్లెడ మీద సాసేజీలు, ఎవడో అకార్డియన్ తెచ్చాడు. ఓ జర్మన్ కుర్రాడు మొహానికి మసి పూసుకుని ఫోటో తీయించుకున్నాడు. జిల్కెకి అమ్మ తన ఏప్రాను కట్టి ఉల్లిపాయలు వేయించే పని అప్పజెప్పింది. గుంపుకి దూరంగా ఉంటుందని అమ్మ ఆలోచన.

సమ్మె దేనికని జిల్కె నన్ను అడిగింది. జీతాల కోసమని చెప్పాను.

మధ్యాహ్నం డైరెక్టరు వచ్చాడు. ఒక్కడే, కోటు గుండీలు పెట్టుకుని, మంట పక్కనుంచి నడుచుకుంటూ. బయట ఊరివాడే గానీ పదేళ్ళుగా మాతో ఉన్నాడు, ఎవరి పిల్లాడు ఏం చదువుతున్నాడో తెలిసిన మనిషి. గొంతు పెంచలేదు. ఏ యంత్రమూ ఎక్కడికీ పోదన్నాడు. సోమవారం పనిలోకి వస్తే ఈ మూడు రోజులూ మర్చిపోతానన్నాడు. ఎవరో గాలివార్త పుట్టించారని, దాన్ని నమ్మి పెళ్ళాం పిల్లల్ని చలిలో నిలబెట్టారని అన్నాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు.

"నీకెవరు చెప్పారు రెజిస్?"

నాన్న మెళ్ళో దారాన్ని వేలికి చుట్టుకున్నాడు.

జనం కదిలారు. వెనక వరసల్లో ఒకరిద్దరు టోపీలు సర్దుకున్నారు. ఇళ్ళకి వెళ్ళేముందు మగవాళ్ళు చేసే పని అది. ఎవరో ఆడమనిషి, సోమవారం పోతే ఏం పోతుంది అంది. లూసియాన్ మా నాన్న పక్కకి వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం మీద మసి.

"చెప్పరా. ఎవరు చెప్పారు? పావురం వచ్చి చెవిలో ఊదిందా? నీ వెనక నిలబడటానికి మాకేదో ఒకటి కావాలి కదరా. లేదంటే ఒక్కడివే నిలబడు."

నాన్న అమ్మని చూశాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. చాలా కొంచెమే ఊపింది గానీ నాకు కనిపించింది, ఆయనకీ కనిపించింది.

అప్పుడు మెళ్ళోంచి తాళంచెవి తీసి పట్టుకున్నాడు. దాన్ని ఇచ్చేసి ఇంటికి పోదామనుకున్నాడేమో అని ఈనాటికీ అనిపిస్తుంది. కానీ ఆ చెయ్యే పైకి లేచింది.

"అక్కడి ఫోర్‌మన్ చెప్పాడు. వెర్నర్ అని. గొయ్యి తవ్వించినవాడు ఆయనే. అదిగో వాళ్ళ అమ్మాయి."

జనం అటు తిరిగారు. ఫ్రెంచి మాటల గోలలో జిల్కెకి ఒక్క మాటే అర్థమైంది, వాళ్ళ నాన్న పేరు. గరిటె పట్టుకునే తలెత్తి నవ్వింది. ఇంతమంది తన నాన్నని తలుచుకుంటున్నారనుకుంది. చెయ్యి కూడా ఊపింది.

తర్వాత నావైపు చూసింది, ఏమన్నారో చెప్పమని.

ఆ వారంలో మొదటిసారి నేను ఏమీ చెప్పలేదు.

డైరెక్టరు ఆ పిల్లని చాలాసేపు చూశాడు. మొహం గుర్తుపెట్టుకునేవాడు చూసే చూపు. అబద్ధమని మాత్రం అనలేదు. ఆయన ఏమీ అనకపోవడంతో మూడు వందల మందికీ నిజం తెలిసిపోయింది. టోపీలు సర్దుకున్నవాళ్ళు సర్దుకున్నచోటే ఆగారు. లూసియాన్ నాన్న భుజం చరిచాడు. అకార్డియన్ మళ్ళీ మొదలైంది.

జిల్కె నా మొహంలోంచి తనంతట తనే చదువుకుంది. గరిటెను గిన్నె అంచున ఆనించింది. ఏప్రాన్ ముడి విప్పి, మడతలు పెట్టి అమ్మ చేతికిచ్చింది. ఉల్లిపాయలు మాడిన వాసన వస్తుంటే లూసియాన్ భార్య వచ్చి గిన్నె పక్కకి లాగింది.

మర్నాడు పొద్దున బస్సు దగ్గరికి నాన్న రాలేదు. గేటు వదిలి రావడం కుదరదన్నాడు. అమ్మ దారిలో తినమని పొట్లం కట్టింది. జిల్కె పుచ్చుకుంది. అమ్మ ముద్దు పెట్టడానికి ముందుకు వంగితే, జిల్కె చెయ్యి చాపింది.

అమ్మ ఈసారి ఆ చెయ్యి పట్టుకుని లాగలేదు. రెండు చేతులతో పట్టుకుని వదిలేసింది.

* * *

యంత్రం వెళ్ళలేదు. ఈస్టర్ దాటింది. అత్తగారు అక్కడే ఉంటుందని డైరెక్టరు సంతకం పెట్టాడు. గేటు తాళం నాన్నే తీశాడు. ఆయన్ని భుజాల మీద ఎక్కించుకుని కెఫే దాకా మోశారు.

ఆ ఏప్రిల్‌లో మా గుమ్మం ముందు రోజూ ఏదో ఒకటి ఉండేది. ఉల్లికాడల్లాంటి లీక్ కట్ట, గుడ్లు, చర్మం ఒలిచిన కుందేలు. పెట్టినవాళ్ళు పేరు చెప్పుకునేవాళ్ళు కాదు. అమ్మ అన్నీ వండేది. పళ్ళెం నాన్న ముందు పెట్టి నిలబడేది.

"గెలిచావుగా. తిను."

అంతకుమించి మాట్లాడేది కాదు. బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చోవడం మానేసింది. పొయ్యి పక్కన నిలబడి తినేది.

బడిలో మా జర్మన్ పంతులమ్మ దెల్కూర్ గారు ఓ రోజు తరగతి అయ్యాక నన్ను ఆగమన్నారు. అక్కడి పంతులుగారితో ఫోన్లో మాట్లాడారట. వెర్నర్‌ని ఫోర్‌మన్ పనిలోంచి తీసేశారు. అట్టపెట్టెలకి టేపు అంటించే చోట వేశారు. ఊరూ పేరూ చెప్పి గుంపులో వేలు చూపించారు కాబట్టి ఆయన కాదనడానికి కూడా లేకపోయింది. నువ్వు తెలుసుకోవాలని చెప్తున్నాను, అన్నారు. మేలో జిల్కె ఇల్లు కాకుండా వేరే ఇల్లు చూడనా అని అడిగారు.

"వాళ్ళు వద్దన్నారా?" అన్నాను.

"అనొచ్చు. అనలేదు."

ఇంట్లో చెప్పాను. నాన్న విన్నాడు. లేచి పెరట్లోకి వెళ్ళాడు. నేను వెళ్ళనన్నాను. జ్వరమని చెప్పేస్తానన్నాను. వాళ్ళ రొట్టె నా గొంతు దిగదన్నాను.

"వెళ్తావు," అంది అమ్మ. "మనలో ఎవరో ఒకరం వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. ఆయన వెళ్ళలేడు. నాకు భాష రాదు."

అప్పటినుంచి నేను నిద్ర లేచేసరికే కాఫీ గిన్నె పొయ్యి మీద చల్లారిపోయి ఉండేది. పెరటి కొట్లో ఆకురాయి చప్పుడు వినబడేది. నాన్న కెఫేకి వెళ్ళడం మానేశాడు. తనని చూడగానే గ్లాసులు ఎత్తుతున్నారని, అది చూడలేకపోతున్నానని లూసియాన్‌తో అన్నాడట. నేను బయల్దేరే రోజున గుడ్డలో చుట్టి ఒకటి చేతిలో పెట్టాడు. ఇత్తడి తాళంకప్ప. అత్తగారు పొడిచింది కాదు, ప్రతి రంధ్రమూ చేత్తో చేసినది. రెండు తాళంచెవులు. ఇలాంటిది ఆయన పని నేర్చుకునే రోజుల్లో ఒకటి చేశాడు, మళ్ళీ ఇదే.

"ఆయనకి ఇవ్వు," అన్నాడు. ఏం చెప్పి ఇవ్వాలో చెప్పలేదు.

* * *

జిల్కె నాకు ఏ లోటూ చెయ్యలేదు. తన మంచం నాకిచ్చింది. తువ్వాలు మడతపెట్టి కాళ్ళ దగ్గర ఉంచింది. బడికి వెళ్ళడానికి తన సైకిలిచ్చి, వాళ్ళమ్మ పాత సైకిలు తను తొక్కింది. తరగతిలో నాకు అందని మాట వస్తే కాగితం మూల రాసి చూపించేది. స్నేహితులకి "మా ఇంట్లో దిగిన అమ్మాయి" అని పరిచయం చేసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ మర్యాద ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక్కరోజు కూడా ఆ శనివారం మాట ఎత్తలేదు. ఒక్కరోజు కూడా నవ్వలేదు.

వాళ్ళమ్మ నర్సు, సాయంత్రం డ్యూటీ. చీకటి పడకముందే రాత్రి భోజనం. చల్లటి మాంసం ముక్కలు, జున్ను, ఊరవేసిన దోసకాయలు, నల్ల రొట్టె. అన్నీ వెర్నర్ గారే సర్దేవారు. ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు ఈ వేళకి ఆయన ఇంటికి చేరేవారే కాదని జిల్కె అంతకుముందు ఉత్తరాల్లో రాసేది. ఇప్పుడు అట్టపెట్టెల పని గంట కొట్టగానే అయిపోతుంది. పొడవాటి మనిషి, సన్నటి వేళ్ళు. వేలి కొసల మీద టేపు కోసిన గీతలు. ఆయన నాతో మాట్లాడేవారు కాదు. రొట్టె కోసి నా వైపు జరిపేవారు.

చివరి రోజు నాకిక దాటవేయడానికి వీల్లేకపోయింది. భోజనానికి కూర్చోగానే గుడ్డ మూట తీసి ఆయన ముందు పెట్టాను. మా నాన్న పంపారని చెప్పాను. జర్మన్‌లో, నా మంచి ఉచ్చారణతోనే.

ఆయన మూట విప్పారు.  తాళంకప్పని చెవి దగ్గర పెట్టుకుని తాళంచెవి తిప్పారు. మళ్ళీ తిప్పారు. లోపల ముక్కలు కదిలే చప్పుడుకి ఆ మనిషి మొహం ఒక్కసారిగా వెలిగింది. మా నాన్న మొహం కూడా అలాగే వెలుగుతుంది. మంచి పని, అన్నారు. జిల్కె నాకు ఫ్రెంచిలో చెప్పింది, మంచి పనంటున్నారని.

"తాళంచెవులు ఎన్ని చేశాడు?" అని అడిగారు.

"రెండు," అన్నాను.

"రెండేనా?"

తాళాలు చేసేవాళ్ళ ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఆ ప్రశ్న అర్థమవుతుంది. తాళం ఇచ్చేసినవాడు తాళంచెవి దాచుకోకూడదు. దాచుకోలేదని చెప్పడానికి సాక్ష్యం ఉండదు, చేసినవాడి మాట ఒక్కటే ఉంటుంది. ఆ మాట మీదే లోకంలో తలుపులన్నీ మూసుకుంటాయి.

రెండే, మా నాన్న మాట, అనబోయాను. నోరు తెరిచాను. ఆ మాట ఇదివరకు నేను ఎక్కడ పలికానో గుర్తొచ్చింది. మూసేశాను.

 వెర్నర్ గారు బల్ల సొరుగు లాగి, తాళాన్ని రెండు తాళంచెవులతో సహా అందులో పెట్టి మూశారు. రొట్టె తీసుకుని కొయ్యడం మొదలుపెట్టారు. రొట్టె వైపే చూస్తూ, నములుతున్నట్టు, గొణుగుతున్నట్టు కూతురితో అన్నారు.

"ఆ అమ్మాయిని అడుగు. గుంపులో నా పేరు చెప్పేటప్పుడు వాళ్ళ నాన్నకి ఏమనిపించిందో. నేనైనా అదే చేసేవాణ్ణేమో, నాకు తెలీదు. వయసొచ్చినప్పటినుంచీ అక్కడే ఉన్నాను. ఇప్పుడు కుర్రాళ్ళు నన్ను చూసి మాట మార్చేస్తున్నారు. అది కాదు నేను అడిగేది. ఆయనకి నిద్ర పడుతోందా? అదొక్కటే అడుగు."

జిల్కె తల దించుకుంది. తండ్రి గొణుగుడు నాకు అందదనుకుంది. బల్లగుడ్డ మీద ఫోర్కు కొనతో ఏదో గీస్తూ, అచ్చమైన బడి ఫ్రెంచిలో నాతో అంది.

"రొట్టె మరీ నల్లగా ఉందా అని అడుగుతున్నారు."

వారమంతా ఆ ఇంట్లో నేను ఏడవలేదు. అప్పుడూ ఏడవలేదు. లేదు, చాలా బాగుందని చెప్పమన్నాను. జిల్కె చెప్పింది. ఆయన తలెత్తి నా మొహం చూశారు. నా చెవుల దాకా కాలిపోతోంది. ఆ ఎరుపు ఆయన చూశారు. నాకు అంతా అర్థమైందని ఆయనకి అర్థమైంది. జిల్కెకి ఒక్కదానికే కాలేదు.

ఇంకో ముక్క కోసి నా పళ్ళెంలో పెట్టారు. దాని మీద వెన్న కూడా ఆయనే రాశారు.

బస్సు దగ్గర జిల్కె చెయ్యి చాపింది. నేనూ చాపాను.

* * *

మా ఊళ్ళో బస్సు ఆగేసరికి అందరి అమ్మలూ ఉన్నారు. నాన్నలు తక్కువ. మా నాన్న ఉన్నాడు, అందరికీ దూరంగా, గోడ పక్కన. పెట్టె అందుకున్నాడు. నాలుగు ముద్దులూ పెట్టాడు. గడ్డం గీసుకోలేదు. అక్కడున్నవాళ్ళు ఆయనకి దారి ఇచ్చి పలకరిస్తుంటే తల ఊపుతున్నాడే గానీ ఎవరినీ చూడటం లేదు.

బస్సు వెళ్ళిపోయింది. జనం పల్చబడ్డారు. మేం నడవడం మొదలుపెట్టలేదు.

"ఇచ్చావా?"

"ఇచ్చాను. మంచి పని అన్నారు."

"తలుపుకి వేసుకున్నాడా?"

"లేదు. సొరుగులో పెట్టారు."

నాన్న తల ఊపాడు. "నేనైనా వేసుకునేవాణ్ణి కాదు."

పెట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఇంకేమన్నాడని అడిగాడు. నా నాలుక చివర జిల్కె ఇచ్చిన మాట సిద్ధంగా ఉంది. రొట్టె మరీ నల్లగా ఉందా అని అడిగారు నాన్నా. అంతే అనేస్తే సరిపోయేది. ఇద్దరం ఇంటికి నడిచేవాళ్ళం.

"ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు నాన్న.

చెప్పాను. ఆ మంగళవారం బల్ల దగ్గర చెప్పినట్టే, ఏ మాటా మార్చకుండా, గొంతు పెంచకుండా, తగ్గించకుండా. కుర్రాళ్ళు మాట మార్చేస్తున్నారన్నదీ చెప్పాను. నేనైనా అదే చేసేవాణ్ణేమో అన్నదీ చెప్పాను. నిద్ర పడుతోందా అన్న చివరి ప్రశ్న కూడా.

నాన్న టోపీ తీశాడు. తీసిన టోపీ ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"పట్టడం లేదని చెప్పు," అన్నాడు.

అని, నేను ఎటు తిరిగి చెప్తానా అని నా మొహంలోకి చూస్తూ ఉన్నాడు. అలవాటుగా నేను పక్కకి తిరిగాను కూడా. అటువైపు రోడ్డు ఒక్కటే ఉంది.